తొమ్మిది బెజ్జాల పలక

మా నాన్న సంతాప సభలో రాజారావు అంకుల్ మైకు పట్టుకుని పడవ కథ ఎత్తుకోగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఫరీదాబాద్‌లో మేముండే సొసైటీ కమ్యూనిటీ హాలు అది. ముందు వరసలో అమ్మ, అమ్మ పక్కన నేను. వెనక నలభై కుర్చీల్లో నాన్నలాగే ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసి రిటైరైన తెలుగువాళ్లు, వాళ్లను మెట్రోలో జాగ్రత్తగా తీసుకొచ్చి ఇప్పుడు ఫోన్లు చూసుకుంటున్న వాళ్ల పిల్లలు. రాజారావు అంకుల్ ఆఫీసులో నాన్న పక్క బల్ల మనిషి. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. డిపార్ట్‌మెంటు తుక్కు కింద రాసిపారేసిన ఫైబర్ పడవని మా నాన్న మూర్తి ఒంటిచేత్తో బతికించాడన్నాడు. డెక్కు ఊడదీసి, లోపలి కర్రలన్నీ కొత్తగా కట్టి, వానలు మొదలయ్యేలోపు నీళ్లలోకి దించాడన్నాడు. ఎంతైనా పడవలు కట్టే ఇంట్లో పుట్టినవాడు కదా అన్నాడు. జనం తలలాడించారు. ఎవరో ముక్కు చీదారు. నేను మాత్రం ఒళ్లో ఉన్న గుడ్డసంచీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అందులో ఏముందో అమ్మకు కూడా చెప్పలేదు.

అందులో ఉన్నది రెండున్నర అడుగుల పొడవు, జానెడు వెడల్పు ఉన్న ఒక ఫైబర్ పలక. ఒక పక్క వెలిసిపోయిన ఆకాశం రంగు, నున్నగా ఉంటుంది. రెండో పక్క గరుకుగా గాజుపీచు, దానికి అక్కడక్కడా అంటుకుపోయిన నల్లటి ప్లైవుడ్ పొరలు. మధ్యన వరసగా తొమ్మిది బెజ్జాలు, నాలుగేసి వేళ్ల ఎడంలో, ఇంజనీరింగ్ డ్రాయింగులో గీసినంత తిన్నగా. నాన్న పోయాక ఇల్లు సర్దుతూ అటక మీది ఊరగాయ జాడీలు దించుతుంటే వాటి అడుగున కనిపించింది. నలభై ఏళ్ల ఆవకాయ నూనె అంటి ఎర్రటి చారలు పడి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఎందుకు గుర్తుపట్టనూ, ఆ బెజ్జాల్లోకి బకెట్లతో నీళ్లు పోసిన చేతులు ఇవే. స్టూలు దిగి, పలక ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. దుఃఖమని అమ్మ అనుకుంది, వచ్చి వీపు నిమిరింది. దుఃఖం కాదు, కోపం. పోయిన మనిషి మీద కోపం రాకూడదంటారు. వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నాన్నది కోరంగి వైపు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట మా తాతలు ముత్తాతలు చెక్క పడవలు కట్టేవారట. నాన్న ఓవర్సీరు పరీక్ష పాసై ఢిల్లీ వచ్చేశాడు కానీ ఆ ఇల్లు ఆయన చేతుల్లోంచి పోలేదు. క్వార్టర్లో ఆదివారం పొద్దున కాఫీ తాగాక, వరండాలో పాత పేపరు పరిచి, బాడిశ, రెండు ఉలులు, చేతితో తిప్పే బర్మా వరసగా పెట్టి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. వాటితో చేసే పనేమీ లేదు. రెండు గదుల క్వార్టర్లో ఏం పడవ కడతాడు? అయినా తుడిచేవాడు. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. పక్క క్వార్టర్ల పంజాబీ ఆంటీలు తలుపు కీళ్లు ఊడితే భాయీ సాబ్ అంటూ పిలిచేవాళ్లు, ఈయన పెన్సిలుతో గీతలు గీసి, ఇదేం చెక్కండీ, చెక్కంటే మా వైపు టేకు అని మొదలుపెట్టేవాడు. అమ్మ వంటింట్లోంచి, ఏవండీ ఆ కీలేదో బిగించి రండి, గోదావరిని మళ్లీ ఇక్కడిదాకా పారించకండి అని కేకేసేది. మేమందరం నవ్వేవాళ్లం. ఆ రోజుల్లో నాన్నని చూస్తే నాకు భలే గర్వంగా ఉండేది. అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది.

యమున ఊళ్లోకి వచ్చిన ఏడు జనాన్ని మేడల మీంచి దించడానికి పడవలు చాల్లేదు. ఆ తరవాత నాన్న డిపార్ట్‌మెంటు రెండు కొత్త ఫైబర్ పడవలు తెప్పించింది. ఫైబర్ అంటే ఏమిటో అప్పటికి ఆఫీసులో ఎవరికీ తెలియదు. పడవల ఇంటి మనిషి కదా అని నాన్నకి అప్పగించారు. వరదలేని రోజుల్లో వాటిని ఫరీదాబాద్ అవతల కొండల మధ్య ఉన్న చెరువు దగ్గర రేకుల షెడ్డులో ఉంచేవాళ్లు. ఆ షెడ్డుకి కాపలా, పడవలకి సరంగు, అన్నీ రాంసేవక్. యమున ఒడ్డున తరతరాలుగా పడవలు నడిపే మల్లాల మనిషి. రోజుకూలీ మీద ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి, ఎండిన మనిషి, మోకాళ్ల దాకా పంచె, మాట తక్కువ. నాన్నని బాబూజీ అనేవాడు, నన్ను బిటియా అనేవాడు. నేను రాంసేవక్ చాచా అనేదాన్ని. మేం వెళ్తే ఇటుకల పొయ్యి మీద బెల్లం వేసి టీ కాచేవాడు. నాలుగో ఏటికల్లా తనను పర్మనెంటు చేస్తారని పెద్ద సాబు మాటిచ్చాడని, ఫైలు కదిలిందని, ఆ ఒక్క మాట మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు. పక్కీ నౌకరీ అనేటప్పుడు టీ గ్లాసు కింద పెట్టి మరీ అనేవాడు.

చెక్క పడవల ఊళ్లలో ఒక ఆచారం ఉంది. ఎండాకాలమంతా ఒడ్డున ఎండిన పడవకి పలకల మధ్య సందులు విడతాయి. అందుకని నీళ్లలోకి దించే ముందు పడవ నిండా నీళ్లు నింపి నాలుగైదు రోజులు అలాగే వదిలేస్తారు. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. పడవకి నీళ్లు తాగించడం అంటారు. మొదటి ఏడు జూన్‌లో నాన్న ఈ ఫైబర్ పడవ డెక్కు మీద ఒక మర ఊడదీసి చూశాడు. పై పొర కింద ప్లైవుడ్ కనిపించింది. అంతే, మొహం వెలిగిపోయింది. అదిగో, లోపల చెక్కే ఉంది, ఆర్నెల్లుగా దాహంతో ఉంది పాపం అన్నాడు. డెక్కు మూసి ఉంది కాబట్టి చెక్కకి నీళ్లు అందవని, సంచీలోంచి బర్మా తీసి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, తొమ్మిది బెజ్జాలు వేశాడు. సరిగ్గా నాలుగేసి వేళ్ల ఎడంలో. సెలవులకి చెరువు చూద్దామని కూడా వెళ్లిన నాకు బకెట్ ఇచ్చాడు.

రాంసేవక్ పడవ పక్కన నించుని కాసేపు చూశాడు. తరవాత వేళ్లతో పడవ పక్కని తట్టి, నెమ్మదిగా అన్నాడు: "బాబూజీ, యే తో మట్కా హై. మట్కే కో పానీ కౌన్ పిలాతా హై?" కుండకి ఎవరైనా నీళ్లు తాగిస్తారా అని. ఇది కుండలాంటిది, నీళ్లు దీని కడుపులో ఉండొచ్చు గానీ ఒంట్లో ఉండకూడదని అతని ఉద్దేశం. ఎంత చక్కటి మాట! వంద పుస్తకాలు చదివినా అంతకంటే సూటిగా చెప్పలేం. నాన్న నవ్వాడు. మాది ఏడు తరాలుగా పడవలు కట్టే ఇల్లు, నువ్వు తెడ్డు వేసేవాడివి, నేను కట్టేవాడిని అని హిందీలో చెప్పాడు. రాంసేవక్ ఠీక్ హై బాబూజీ అని మోటరు పంపు దగ్గరికి నడిచాడు. నేను బకెట్లు పోశాను. వరసగా మూడు ఎండాకాలాలు పోశాను. నీళ్లు బుడబుడమంటూ లోపలికి దిగిపోతుంటే నాన్న మురిసిపోయేవాడు. తాగుతోంది చూశావా అనేవాడు. అయిదు రోజులయ్యాక చెక్క బిరడాలు కొట్టి బెజ్జాలు మూసేవాడు. అంటే తాగించిన నీళ్లని లోపలే బంధించేవాడన్నమాట.

నాలుగో ఏడు ఏప్రిల్‌లో కొత్తవాళ్లకి పడవ నడపడం నేర్పుతుంటే డెక్కు మీద నడుస్తున్న రాంసేవక్ కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. పిక్క చీరుకుపోయింది. మరుసటి ఆదివారం నాన్నతో నేనూ వెళ్లాను. అప్పటికి నేను బీఎస్సీ రెండో ఏడు, కెమిస్ట్రీ. నాన్న స్టీలు గరిటె కాడతో డెక్కంతా తట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది, పాడైనచోట తడి గోనెసంచీ మీద కొట్టినట్టు మొద్దుగా వినిపించింది. సగం పైన మొద్దే. హాక్సా బ్లేడుతో పై పొర కోసి ఎత్తితే లోపల ప్లైవుడ్ లేదు, వాడేసిన కాఫీపొడి లాంటి నల్లటి ముద్ద ఉంది. చేత్తో తోడాం. అడుగునున్న అడ్డకర్రలు వేలు పెడితే దిగిపోయాయి. మోటరు బిగించే వెనక పలక కూడా అంతే. ఒక్కో బెజ్జం చుట్టూ నల్లగా వలయం, అక్కణ్ణించే కుళ్లు బయలుదేరి పాకిన దారి, చిన్నపిల్లలు చూసినా అర్థమయ్యేలా ఉంది. రెండో పడవ పక్కనే ఉంది. నాన్న దానికి బెజ్జాలు వేయలేదు, మూడేళ్లూ ఎండాకాలాల్లో అది షెడ్డులో ఎండకుండా యమున మీద పనిలోనే ఉండేది కాబట్టి. దాని డెక్కు మీద గంతులేసినా కదల్లేదు. నాన్న ఆ రెండో పడవని కూడా గరిటెతో తట్టాడు. తరవాత పెన్సిలు చెవి వెనక నుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. 

ఆ పడవని తుక్కు కింద రాసేద్దామంది ఆఫీసు. నాన్న ఒప్పుకోలేదు. సెలవు పెట్టి, వానల్లోపు తనే బాగుచేస్తానని మాటిచ్చాడు. ఆ ఆరు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. నాలుగున్నరకే అమ్మ లేచి మా ఇద్దరికీ ఉప్మా డబ్బాలో సర్దేది, మొదటి బస్సు పట్టుకుని ఫరీదాబాద్ చేరి, అక్కణ్ణించి ట్రక్కో టెంపోనో ఎక్కేవాళ్లం. గాజుపీచుని అతికించే జిగురు రెజిన్, దాన్ని బిగిసేలా చేసేది హార్డెనర్; మే నెల ఢిల్లీ ఎండలో ఆ రెండూ కలిపితే పది నిమిషాల్లో గడ్డకడుతుంది. మొదటి రోజు మగ్గులోనే పొగలు కక్కి బిగుసుకుపోయింది, కుంచె అందులోనే నిలబడిపోయింది. అందుకని షెడ్డు చేరగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేసేవాళ్లం. హార్డెనర్ చుక్కలు ఇంకు ఫిల్లరుతో లెక్కపెట్టడం నా పని. ముందు రెండు వారాలు డెక్కు తెరిచి పెట్టి వడగాలికి లోపలంతా ఎండనిచ్చాం. ఆ తరవాత కొత్త అడ్డకర్రలు కోసి, ప్రతి కర్ర ఆరు ముఖాలకూ రెజిన్ పట్టించి, పైన గాజుపీచు మ్యాట్ చుట్టి, రోలరుతో గాలి బుడగలు తరిమాం. ఈసారి నాన్న ఒక్క చెక్కముక్కని కూడా తడి తగిలేలా వదల్లేదు. నేర్చుకున్నాడు. ఎవరిని చూసి నేర్చుకున్నాడో మాత్రం చెప్పలేదు.

ఇంత పనీ చేసింది మేమిద్దరమే కాదు. బరువైన డెక్కు పొర ఎత్తింది, పడవ బోర్లా తిప్పడానికి చెరువు దగ్గర పశువులు కాసేవాళ్లని పోగేసింది, రోజంతా ఇసుక కాగితంతో పాత పొర గీకింది రాంసేవక్. పిక్కకి కట్టు అలాగే ఉంది. ఒంటిచేత్తోనట! ఆ మనిషి గాజుపీచు దురదకి రాత్రుళ్లు నిద్రపోలేదని మర్నాడు మొహం చూస్తే తెలిసేది. మాకైతే ఇంట్లో అమ్మ ఉంది. గోధుమపిండి ముద్ద కలిపి మా చేతుల మీద, మెడల మీద అద్ది అద్ది పీచు లాగేది. రెజిన్ వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టి, పక్క దుప్పట్లకి పట్టి, చివరికి మంచినీళ్ల కుండకి కూడా పట్టింది. సరిగ్గా ఆవకాయ రోజులు. నాన్నని వంటింటి గడప దాటనిచ్చేది కాదు అమ్మ. మీరూ మీ పడవా ఆవకాయ జోలికి రాకండి, ఏడాదంతా ఈ కంపే తినాలి అనేది. నేను అమ్మని అడిగి ఒక పిండిముద్ద తడిగుడ్డలో చుట్టి రాంసేవక్‌కి పట్టుకెళ్లాను ఒకరోజు. అతను మురిసిపోయి చేతులకి అద్దుకున్నాడు. ఆ తరవాత మర్చిపోయాను. ఒక్కరోజే తీసుకెళ్లాను.

జూన్ మొదటి వారంలో పెద్ద సాబు పని చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. పడవ ఎందుకు పాడైందో రిపోర్టు కావాలన్నారు. ఆ కబురు అందిన మర్నాడు పొద్దున నాన్న ఒక పనిచేశాడు. పాత డెక్కు పై పొర చాలావరకు బాగానే ఉంది, దాన్నే మళ్లీ అతికిస్తున్నాం. బెజ్జాలున్న చోట రెజిన్ పూడిస్తే సరిపోయేది. నాన్న పూడ్చలేదు. ఆ తొమ్మిది బెజ్జాలూ ఉన్న ముక్కని పొడుగునా కోసి తీసేసి, దాని స్థానంలో కొత్త మ్యాట్ పరిచాడు. కోసిన ముక్కని పాత పేపర్లో చుట్టి మా ఉప్మా సంచీలో పెట్టాడు. పని బాగా రావాలని కాబోలు అనుకున్నాను. అంత అమాయకంగా ఎలా అనుకున్నానో ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. అమాయకత్వం కూడా కాదేమో. నాకు అర్థం చేసుకోవాలని లేదు, అంతే.

పెద్ద సాబు అంబాసిడర్ కారు దిగి, కొత్త డెక్కు మీద బూట్లతో నడిచి, వాహ్ మూర్తీ అన్నాడు. అసలు లోపలికి నీళ్లెలా చేరాయని అడిగాడు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. రాంసేవక్ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని షెడ్డు గుమ్మంలో నించుని ఉన్నాడు. సాబు నావైపు తిరిగి, నవ్వుతూ, నువ్వు కెమిస్ట్రీ పిల్లవి కదా, నువ్వు చెప్పు బేటీ అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. నాన్న కళ్లజోడు తుడుస్తున్నాడు.

"బారిష్ సే, సర్" అన్నాను.

వాన వల్ల. ఒక్క మాట. నోట్లోంచి అంత తేలిగ్గా ఊడిపడింది. వాన నీళ్లు పడ్డాయంటే వానాకాలంలో షెడ్డు బయట గట్టున ఉంచిన పడవ మీద టార్పాలిన్ కప్పలేదన్నమాట, కప్పాల్సింది కాపలావాడు. సాబు బుర్ర అంత దూరం వెళ్లడానికి అర నిమిషం పట్టలేదు. రాంసేవక్‌ని పిలిచి, తిర్పాల్ కప్పేవాడివి కాదా అని అడిగాడు. అతను నన్ను చూడలేదు. నాన్నని చూశాడు. పళ్లెం పట్టుకుని, బాబూజీ ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అన్నట్టు చూస్తూనే ఉన్నాడు. రోజుకూలీ మనిషి, ఫైలు కదులుతున్న మనిషి, పెద్ద సాబు ముందు బాబూజీ తప్పు చేశాడని ఎలా అంటాడు? నాన్న కళ్లజోడు పెట్టుకున్నాడు. టీ చల్లారిపోతోంది సర్ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. టీ గురించి మాట్లాడాడు.

రిపోర్టు నాన్నే రాశాడు, ఇంట్లో, భోజనాల బల్ల మీద, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో. నాకు చూపించలేదు. పర్మనెంటు ఫైలు ఆగిపోయిందని, ఆ నెలాఖరు నుంచి రాంసేవక్‌ని రావద్దన్నారని పడవ నీళ్లలోకి దించిన రోజు తెలిసింది. అతను ఆ రోజూ వచ్చాడు. చెప్పులు విప్పి డెక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. మడమతో అక్కడక్కడా నొక్కి చూశాడు. వంగి వేళ్లతో తట్టాడు, అంతా ఖంగుమంది. దిగి వచ్చి నాన్న ముందు నించుని, కోపం లేకుండా, పని అప్పజెప్పేవాడిలా అన్నాడు: "అబ్ ఇస్ కో పానీ మత్ పిలానా, బాబూజీ." ఇక దీనికి నీళ్లు తాగించకండి. నాన్న అచ్ఛా అన్నాడు. రాంసేవక్ చెప్పులు వేసుకుని చెరువు గట్టు వెంట వెళ్లిపోయాడు. నాతో ఏమీ అనలేదు. బిటియా అని కూడా అనలేదు.

ఆ సాయంత్రం నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. బెజ్జాల సంగతి రాస్తే నీ ఉద్యోగం పోతుందా, మహా అయితే ఒక మెమో ఇస్తారు, అతనికి బతుకే పోయింది అన్నాను. నాన్న వరండాలో కూర్చుని బర్మా తుడుచుకుంటున్నాడు. దాని పిడిని మళ్లీ ఒకసారి తుడిచాడు. తరవాత అన్నాడు: "పడవల ఇంట్లో పుట్టి పడవని చంపానని నా చేత్తో నేనే రాసుకోమంటావేంటే?" రాంసేవక్‌కి ఏం భయం లేదన్నాడు, యమున ఉన్నన్నాళ్లూ మల్లాలకి ఏదో ఒక పడవ దొరుకుతుందన్నాడు. నాకు ఇంకా మండింది. అరిచాను. అప్పుడు తల ఎత్తి, గొంతు పెంచకుండా, చివరి మాట అన్నాడు.

"వాన అన్నది నువ్వు, అమ్మడూ. నేనేం అనలేదు."

నలభై ఏళ్లపాటు నా నోరు మూయించిన మాట అదే. నాన్న బతికి ఉండగా మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆయనకి ప్రమోషనొచ్చింది, రిటైరయ్యాడు, ఫరీదాబాద్‌లో ఈ ఫ్లాటు తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే ఆ చెరువుండే కొండల వైపు ఇప్పుడు వరసగా అపార్టుమెంట్లు. చెరువు ఎండిపోయింది. షెడ్డుండే చోట ముళ్లకంపలు, ప్లాస్టిక్ కవర్లు. యమునలో నీళ్లకంటే నురగే ఎక్కువ. యమున ఉన్నన్నాళ్లూ అన్నాడు నాన్న, ఎంత ధీమాగా అన్నాడో. ఇప్పుడు ఫైబర్ పని గురించి ఏ పిల్లాణ్ని అడిగినా ఫోన్లో వీడియో చూసి చెప్పేస్తాడు, లోపలి చెక్కకి తడి తగలకూడదని. అప్పుడు ఎవరికీ తెలియదు కదా పాపం అంటారు వినేవాళ్లు. ఎందుకు తెలియదు? తెలిసినవాడు ఉన్నాడు. మొదటి రోజే చెప్పాడు. అతను తెడ్డు వేసేవాడు కాబట్టి వినలేదు. ఈ విషయంలో ఇప్పటికీ ఏం మారిందో నాకు కనిపించదు. మా సొసైటీ మీటింగుల్లో నీళ్ల పంపు బాగుచేసే భయ్యా మాట వినకుండా వాట్సాప్ గ్రూపులో చర్చలు పెట్టేవాళ్లని చూస్తే నాకు రక్తం ఉడుకుతుంది.

సభలో రాజారావు అంకుల్ ముగించి, అమ్మా నువ్వూ రెండు మాటలు చెప్పు అని నాకు మైకిచ్చాడు. నేను లేచి సంచీలోంచి పలక తీశాను. ఫొటో ముందు బల్ల మీద పెట్టాను. ఇది ఆ పడవ డెక్కు, ఈ తొమ్మిది బెజ్జాలూ నాన్న వేసినవి, పడవ పాడైంది వీటివల్లే అన్నాను.   రాజారావు అంకుల్ నా మోచేయి పట్టుకున్నాడు. మైకుకి వినపడకుండా, ఎంతో దయగా అన్నాడు: "మాకు తెలుసమ్మా. అప్పుడే తెలుసు. ఆఫీసంతా తెలుసు."

తెలుసట. ఆఫీసంతా తెలుసట. తెలిసి తెలిసి రాంసేవక్‌ని తీసేసిన కాగితం మీద సంతకాలు చేశారు, తెలిసి తెలిసి ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, పిక్నిక్కుల్లో, ఇప్పుడు చావు సభలో ఒంటిచేత్తో బతికించాడని చెప్పుకున్నారు. ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పెద్దాయన పోయాడు అన్నాడు అంకుల్. ముందు వరసలో అమ్మ ముఖంలో ఆశ్చర్యం కూడా లేదు. నాకు చెయ్యెత్తి కొట్టాలన్నంత కోపమొచ్చింది.  కానీ ఆఫీసంతా తెలిసినా ఒక మాట మాత్రం ఎవరికీ తెలియదు. వాన అన్నదెవరో పెద్ద సాబుకీ నాన్నకీ రాంసేవక్‌కీ తప్ప తెలియదు. అది చెప్పడానికి మైకు నా చేతిలోనే ఉంది. నలభై మంది నా వైపే చూస్తున్నారు. నేను థ్యాంక్యూ అని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అమ్మని అడిగాను, నాన్న ఆ పలకని ఎందుకు దాచాడని. ఎక్కడో ఒక మూల ఆశ నాకు. బాధపడి దాచుకున్నాడేమో, పారేయడానికి మనసొప్పలేదేమో అని. అమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఆయనెక్కడ దాచారు, ఆ రోజే చెత్తలో వేసి రమ్మన్నారు, ఫైబర్ కదా నూనెకి నానదని నేనే జాడీల కింద పెట్టుకున్నాను అంది. చెయ్యి చాచి, ఆ పలక ఇలా ఇవ్వు, జాడీలు నేల మీదే ఉన్నాయి అంది.

ఇవ్వలేదు. అది ఇప్పుడు నా రాత బల్ల మీద ఉంది. నాన్న రిపోర్టులో కారణం అని ఒక గడి ఉండి ఉంటుంది, ఆయన అందులో ఏం రాశాడో నేను ఎప్పటికీ చూడను. అందులో రాయాల్సింది ఇది. బెజ్జాలు వేసింది మా నాన్న. నీళ్లు పోసింది నేను. వాన అని అబద్ధం చెప్పింది నేను. మొదటి రోజే వద్దన్న మనిషి పేరు రాంసేవక్. ఇంటిపేరు రాద్దామంటే తెలియదు. నాలుగేళ్లు అతని టీ తాగి కూడా నేను అడగలేదు.